పొట్లానికి నివాళి

నిన్న రెజిమెంటల్ బజార్‌లో పావుకిలో కందిపప్పు అడిగితే సేటు సీలు వేసిన ప్లాస్టిక్ కవరు ఒకటి నా ముందు పడేశాడు. "పొట్లం కట్టవా?" అన్నాను అలవాటు కొద్దీ. "ఎప్పటి మాట సార్ అది! మా పోరగాండ్లకు కట్టుడే రాదిప్పుడు" అన్నాడు. తలెత్తి చూస్తే, పురికొస ఉండ వేలాడిన చోట సీసీ కెమెరా ఉంది. పొట్లం పోయిందని అప్పుడు తెలిసింది. ఎప్పుడు పోయిందో, ఎవరు మోశారో తెలియదు. పేపర్లో వేయలేదు. తన చావు వార్త తానే వేసుకున్న పేపరు ఒకటుంది గానీ, దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ సేటు తండ్రి, పెద్ద సేటు, పొట్లం కడుతుంటే నిలబడి చూసేవాళ్లం. కాగితాన్ని ఎడమచేతి చుట్టూ ఒక్క తిప్పు తిప్పేవాడు. అడుగు కొన మడిచి, పప్పు పోసి, గల్లా మీద రెండుసార్లు తట్టి, పై అంచులు లోపలికి నొక్కేవాడు. కళ్లు వచ్చే గిరాకీ మీద ఉండేవి. చెయ్యి మాత్రం పైకి పోయి పురికొస లాగి, అడ్డం రెండు చుట్లు, నిలువు ఒకటి వేసి, చూపుడువేలికి మెలిపెట్టి ఫట్‌మని తెంపేది. ఇంటికెళ్లాక ముడి విప్పి, దారం మళ్లీ మేకుకు చుట్టి, కాగితం సాపు చేసి చదవడం మా ఇంట్లో నా వంతు.

మా బజారు పేరులోనే ఇంగ్లండు ఉంది. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద ఈ సికింద్రాబాద్ వెలిశాక, కంటోన్మెంటు పటాలాలకు ఉప్పూ పప్పూ అమ్మడానికి పుట్టిన బజారు ఇది. పటాలాలు పోయాయి, బజారు మిగిలింది. దొరలు వెళ్లిన ఎన్నో ఏళ్లకు కూడా వాళ్ల పేపర్లు మాత్రం ఇక్కడికి వస్తూనే ఉండేవి, తూకానికి. అక్కడ అమ్ముడుపోని పేపర్లను కట్టలు కట్టి, ఓడలెక్కించి, మన దేశానికి చిత్తు కాగితంగా పంపేసేవారు. ఎవరూ మడత విప్పని కాగితం కదా, పొట్లాలకూ పళ్ల బుట్టల్లో పరచడానికీ మంచి గిరాకీ.

నా ఇంగ్లండు పరిజ్ఞానం చాలావరకు అలా వచ్చిందే. ఒకసారి బెల్లం గులాబీ రంగు కాగితంలో వచ్చింది. ఫైనాన్షియల్ టైమ్స్ 1893 నుంచి ఆ రంగులోనే అచ్చవుతోందని నాకేం తెలుసు? బెల్లంలో ఏదో రంగు కలిపారని, అది కాగితానికి దిగిందని సేటుతో గొడవేసుకున్నాను.

ఇంకోసారి ఏప్రిల్ ఎండ. మోండా మార్కెట్ దారిలో తారు చెప్పులకు అంటుకుంటోంది. చేతిలో ఎండుమిరపకాయల పొట్లం. దాని మీద బొటనవేలంత అక్షరాల్లో బ్రిటన్ గడ్డకట్టుకుపోబోతోందని హెచ్చరిక, పక్కన మంచులో కూరుకుపోయిన కారు బొమ్మ. మూడు నెలల కిందటి పేపరు. పాపం వాళ్లేమైపోయారో అనుకుంటూ ఇంటికొస్తే, ధనియాల పొట్లం మీద అదే పేపరు, నాలుగు రోజుల తర్వాతిది. లోపలి పేజీలో అంగుళం వార్త: అక్కడక్కడ జల్లులు పడ్డాయట. లండన్‌లో ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు ఎంతమంది ఉంటారు? మిరపకాయలూ ధనియాలూ ఒకే రోజు కొన్నందుకు నాకు దొరికింది ఆ భాగ్యం.

పొట్లం చేసిన ఉపకారం అదే. ఊదరగొట్టిన వార్త ఊపిరి పోయాకే మన చేతికొచ్చేది. 2013 జులైలో లండన్ సెయింట్ మేరీస్ ఆస్పత్రి ముందు, యువరాజు విలియం భార్య ప్రసవం కోసం దేశదేశాల కెమెరాలు రోజుల తరబడి పడిగాపులు కాశాయి. అప్పుడు బీబీసీ విలేకరి ఒకాయన, ఇక్కడి నుంచి ఇంకా చాలా చెబుతాం గానీ అందులో వార్త ఏమీ ఉండదని లైవ్‌లోనే ఒప్పుకున్నాడు. ఆ మహానుభావుడికి దండం. నాకు ఆ బారసాల హడావుడి జీలకర్ర పొట్లం మీద కనబడేసరికి పిల్లవాడికి పళ్లొచ్చి ఉంటాయి.

అసలు బీబీసీ ఒకప్పుడు ఇంతకన్నా మర్యాదస్తురాలు. 1930 ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే. రేడియోలో వార్తల వేళయింది. ఇవాళ వార్తలేమీ లేవని చెప్పి, మిగతా సమయమంతా పియానో వాయించారు. ఇప్పుడు ఏ తెలుగు చానెలైనా రాత్రి తొమ్మిదింటికి ఆ మాట అని వీణ కచేరీ పెడితే ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తాం. మనకు ఆ అదృష్టం ఎక్కడ! 2018 ఫిబ్రవరిలో శ్రీదేవి దుబాయిలో పోయినప్పుడు, మన తెలుగు విలేకరి ఒకాయన స్నానాల తొట్టిలోనే పడుకుని ఎలా జరిగి ఉంటుందో చూపించాడు. ఆ దృశ్యాన్ని పొట్లం కట్టలేం. ఫోన్లో అది ఇవాళ్టికీ తాజాగానే ఉంది.

ఇంగ్లండులోనూ పొట్లం ఉండేది లెండి. వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు పాత పేపర్లో చుట్టిచ్చేవారు. పొద్దుటి పతాక శీర్షిక మర్నాటికి చేపల పొట్లమేనని వాళ్లకో నానుడి కూడా ఉంది. సిరా మంచిది కాదని అక్కడ 1980లలోనే ఆ అలవాటు పోయింది. 1986 మార్చిలో ఒక హాస్యనటుడు తన స్నేహితురాలి పెంపుడు చిట్టెలుకను తిన్నాడని సన్ పత్రిక మొదటి పేజీ నింపింది. తినలేదు మొర్రో అని ఆయన ఏళ్ల తరబడి చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ పేజీని చేపలకు చుట్టి పారేసి ఉంటే పాపం ఆయన బతుకు కాస్త తేలికయ్యేదేమో.

లెట్యూస్ కథ మాత్రం నాకు పొట్లంలో రాలేదు, ఫోన్లో టింగుమంటూ వచ్చింది. 2022 అక్టోబరులో డైలీ స్టార్ ఒక లెట్యూస్ ముందు కెమెరా పెట్టి, ముందు ఇది వాడుతుందా, ప్రధాని లిజ్ ట్రస్ దిగుతుందా అని పందెం కాసింది. ఆకే గెలిచింది. ఆవిడ పదవిలో ఉన్నది 49 రోజులు. మోండాలో నేను ఆకుకూరలు కొనే ఆమెకు ఈ సంగతి చెబితే, "నీళ్లు జల్లుకుంట ఉంటే ఇంకో రెండ్రోజులు ఉంటది సార్" అంది. ఎవరి గురించన్నదో నేను అడగలేదు.

ఇక ఆ చావు వార్త. న్యూస్ ఆఫ్ ది వరల్డ్, 1843లో పుట్టిన ఆదివారం పేపరు. హత్యకు గురైన 13 ఏళ్ల అమ్మాయి ఫోన్ సందేశాల్లో కూడా చెయ్యి పెట్టిందని బయటపడి, 168 ఏళ్లకు నిండు పరువుతో, అంటే పరువంతా పోగొట్టుకుని, 2011 జులై 10న మూతపడింది. ఆఖరి సంచిక మొదటి పేజీ మీద పాఠకులకు ధన్యవాదాలు చెప్పి సెలవు తీసుకుంది. అది పోయిన కొన్ని నెలలకు కూడా మా సేటు దగ్గర దాని కాగితం నడిచింది. అక్కడ ఎవరి పరువో తీసిన పేజీ ఇక్కడ గుప్పెడు ఆవాలు ఒలికిపోకుండా పట్టుకుంది. దాని జన్మలో చేసిన మంచి పని అదొక్కటే అయి ఉంటుందని నా అభిప్రాయం.

పొట్లాన్ని ఎవరు చంపారంటే, నిజానికి దానికి వచ్చింది న్యాయమైన చావే. సిరాలో సీసం లాంటివి ఉంటాయి, తినేవి పేపర్లో చుట్టొద్దని 2016 డిసెంబరులో ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పింది. 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లో ఏకంగా నిషేధమే పెట్టింది. 2023 సెప్టెంబరులో మళ్లీ గుర్తు చేసింది. కాదనను. స్టేషన్ దగ్గర మిర్చి బజ్జీ మీద తిరగేసి అచ్చయిన శీర్షికను చదివి, ఆ తర్వాత తిన్నవాణ్ని నేను. ఏ వార్త ఎంత సీసంగా నా ఒంట్లో చేరిందో దేవుడికే తెలియాలి.

ఒక్క ముక్క మాత్రం దాచుకున్నాను. మా ట్రంకు పెట్టె అడుగున, నాఫ్తలీన్ ఉండల కింద ఉంది. పసుపు కట్టిన పొట్లం. ఒకవైపు ఎవరో మంత్రిగారి రాజీనామా గోల, మొహం సగం చిరిగిపోయింది. రెండోవైపు, అడుగున, ఒక పల్లెటూరి పిల్లి తప్పిపోయిన సంగతి. పన్నెండేళ్ల పిల్లి, ఎడమ చెవి కొస తెగి ఉంటుందట. ఊరంతా కరపత్రాలు అంటించారు. ఎదురింటి ముసలాయన రోజూ రాత్రి టార్చిలైటు వేసుకుని గోడల వెంబడి వెతుకుతున్నాడు. పదకొండో రోజు తెల్లవారుజామున, పాలవ్యాన్ తోలే ఆయన చర్చి వెనకాల ఏదో అలికిడి విని, బండి ఆపి, దిగి చూస్తే...

అక్కడ పెద్ద సేటు కాగితం చింపాడు.