ఏనుగుల వీరాస్వామయ్యగారు: సుప్రీంకోర్టు దుబాసీ

ఇంట తెలుగు, అంగడిలో కన్నడము, అత్తిబెలె దాటినచో తమిళము. ఇట్లు మూడు భాషల నడుమ పెరుగుచున్న మన చందాపుర విద్యార్థులకు, భాషలను నమ్ముకొని బ్రతికిన యొక తెలుగు పెద్దమనిషి చరిత్రము చెప్పదలచితిమి. కాశీయాత్ర చరిత్ర వ్రాసినవారుగా ఏనుగుల వీరాస్వామయ్యగారిని చాలమంది యెరుగుదురు. ఆయన చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో ముఖ్య ద్విభాషిగా నుండిన సంగతి మాత్రము అంతగా తలచుకొనరు. మాకు ఆ సంగతియే ముఖ్యముగా తోచినది.

ఆయన 1780 ప్రాంతమున చెన్నపట్టణమున జన్మించిరి. తొమ్మిదవ యేటనే తండ్రి గతించెను. పిన్న వయసుననే ఇంగ్లీషు నేర్చి కచేరీలలో పనికి కుదిరి, క్రమముగా సుప్రీంకోర్టు చేరిరి. ద్విభాషి యను మాటయే జనుల నోట దుబాసీ యైనది.

ఆనాడు చెన్న రాజధానిలో న్యాయస్థానములు రెండు తెగలుగా నుండెను. పట్టణపు హద్దులలోని వారికి, 1801లో ఇంగ్లాండు రాజు పేర వెలసిన సుప్రీంకోర్టు. జిల్లాల వారికి కంపెనీవారి కోర్టులు, వాని పైన సదరు అదాలతు. ఈ సదరు అదాలతులో 1815 మొదలు 1829 వరకు అనువాదకులుగా నుండినవారు ఒంగోలువారగు వెన్నెలకంటి సుబ్బారావుగారు. ఒక కోర్టున నొక తెలుగువారు, రెండవ కోర్టున మరియొక తెలుగువారు! చెప్పుకొనుటకు మనకు ముచ్చటగనే యున్నది.

సుప్రీంకోర్టు నడిచిన పద్ధతి మన గ్రామ పంచాయతీ వంటిది కాదు. పంచాయతీలో పెద్దలు వాది ప్రతివాదుల నెరిగినవారే. నలుగురి నడిగి నిజము తెలిసికొందురు. ఇంగ్లీషు న్యాయాధిపతి తానుగా విచారింపబోడు. ఇరుపక్షముల వారును తమ సాక్ష్యము తామే తెచ్చుకొనవలెను. అటార్నీ కాగితములు సిద్ధము చేయును. బారిస్టరు నిలిచి వాదించును. సాక్షి ప్రమాణము చేసి, అందరి యెదుట నోటితో చెప్పవలెను. ఎదుటిపక్షపు బారిస్టరు అడ్డుప్రశ్నలకు జవాబీయవలెను. ఘోరనేరములలో పండ్రెండుగురు జూరీలు నేరము చేసెనా లేదా యని చెప్పుదురు. శాసన మేమో, శిక్ష యెంతయో న్యాయాధిపతి చెప్పును. ఆ జూరీలలో మనవారికి చోటు కల్పించిన చట్టము 1826లో గాని రాలేదు. అదియును క్రైస్తవుల విచారణలో మనవారు కూర్చుండరాదను నిబంధనతోనే వచ్చెను. ఆ యడ్డు 1832లో తొలగెను. ఇక ఆ ధర్మశాస్త్రమంతయు ఒకే గ్రంథమున లేదు. పూర్వపు న్యాయాధిపతులిచ్చిన తీర్పులే తరువాతివారికి దారి.

ఈ యేర్పాటంతయు సాక్షి నోటిమాట మీద నిలిచినది. ఆ మాటయో తెలుగు, తమిళము. వినువారికి వచ్చినది ఇంగ్లీషు. సాక్షి అనుకొంటినని చెప్పగా, దుబాసీ చూచితినని చెప్పినచో ఏమగును? ఒకని యిల్లో ప్రాణమో పోవును. కలకత్తా సుప్రీంకోర్టు 1775లో మహారాజ నందకుమారుని దొంగపత్రపు నేరమునకు ఉరితీయించినది. ఇంగ్లాండున ఆ నేరమునకు ఉరి కలదని ఇచ్చట నమలుపరచిరి. అట్టి కోర్టులలో మాట తూకము తప్పరాదు. హిందువుల దాయభాగపు తగవులలో హిందూ ధర్మశాస్త్రమునే అనుసరింపవలెనని నియమముండెను గదా, అప్పుడు చిక్కు మరియొక తీరు. స్త్రీధనము, జ్ఞాతి, దత్తత వంటి మాటలను తెల్లదొరలకు తెలియజెప్పుట కేవలము నిఘంటువు చూచి చేయు పని కాదు. ఇందు జీతమునకు మించిన బాధ్యత యున్నదని మా యభిప్రాయము.

కోర్టులో సెలవు తీసికొని, 1830 మే 18వ తేదీన వీరాస్వామయ్యగారు పరివారముతో కాశీకి బయలుదేరిరి. కడప, హైదరాబాదు, నాగపురముల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తాలు చూచి, తూర్పుతీరపు దారిని 1831 సెప్టెంబరు 3న చెన్నపట్టణము తిరిగి వచ్చిరి. రైలు లేని కాలము. బోయీలు పల్లకి మోయవలసినదే. దారిలో మజిలీ మజిలీకి ఊరెట్టిది, నీరు దొరకునా, అంగళ్లున్నవా యని వ్రాసియుంచిరి. సాక్ష్యమును తూచి తూచి వినిన మనిషి వ్రాత యని చదువుచున్నప్పుడు మాకు తోచుచుండును.

ఆయన 1836 అక్టోబరు 3న కాలధర్మము నొందిరి. మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ళెగారు 1838లో ఆ గ్రంథము నచ్చొత్తించిరి. సుప్రీంకోర్టును, సదరు అదాలతును 1862లో ఒకటిగా కలిపి మద్రాసు హైకోర్టు నేర్పరచిరి. దుబాసీ పని మాత్రము తీరలేదు. నేడును మన ఆనేకల్లు కోర్టులో వ్యవహారము కన్నడమున సాగును. బెంగుళూరి హైకోర్టులో ఇంగ్లీషున సాగును. తెలుగు తప్ప మరేమియు రాని ముసలమ్మ సాక్ష్యమీయ వచ్చిననాడు, ఆమె మాటను ఎవరో యొకరు ప్రక్కన నిలిచి చెప్పవలసియే యున్నది.