పావులూరి మల్లన: అరువది నాలుగు గడుల లెక్క

ఆంధ్రమున తొలి గణితకవి పావులూరి మల్లన. ఆ యింట మల్లన యను పేరు రెండు మారులు వినవచ్చును: తాత యొకడు, మనుమడొకడు. రాజరాజనరేంద్రునివలన పిఠాపురపు సీమలోని నవఖండవాడను పడసినదెవరు, గణితగ్రంథమును రచించినదెవరు అని పండితులు చాలకాలము వాదులాడిరి. తాత అగ్రహారము పొందెననియు, మనుమడు గ్రంథము వ్రాసెననియు చెప్పువారి పక్షమే సమంజసముగ తోచును.

శివభక్తుడగు మల్లన చేపట్టినది జైనుని గ్రంథము. 9వ శతాబ్దమున, రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును సంస్కృతమున రచించెను. మల్లన దానిని మక్కికి మక్కిగ దింపలేదు. జైనపరములగు ఉదాహరణములను శివపరముగ మార్చెను. తన లెక్కలను చేర్చెను. కథ చెప్పుటకు పద్యము చాలునని నన్నయ చూపగా, భాగహారము చెప్పుటకును చాలునని మల్లన చూపెను.

ఆయన కీర్తికి మూలము ఒక చంపకమాల. చదరంగపు తొలి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టించుచు పోయిన అరువదినాలుగు గడులలో మొత్తమెంత? 18446744073709551615. ఇరువది అంకెలు! శరములనగా 5, వేదములనగా 4, గగనమనగా 0. ఒకట్ల స్థానమునుండి ఎడమకు సాగుచు ఈ అంకెలన్నియు యతిప్రాసలు చెడకుండ పద్యమున ఒదిగినవి. తాళపత్రమున అంకె చెరిగిన తెలియదు; పద్యమున మాట జారిన ఛందస్సే పట్టియిచ్చును.

మరియొక కావలియు కలదు. ఈ సంఖ్య 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధము. ఏ ఒక్క అంకె మారినను 17చే శేషము లేకుండ భాగింపబడదు. నేడు ఓరుగల్లు చెంత హసన్‌పర్తిలోని బడిపిల్లవాడు సైతము పలకపై భాగించి, ఆంధ్రకవి లెక్క తప్పలేదని తేల్చుకొనవచ్చును. 641ని కనుగొన్నవాడు ఆయిలర్, 1732లో. మల్లనకు ఈ విభజనతో పనిలేదు. మొత్తమే ఆయన కోరినది.

అయినను గడులను ఒక్కొక్కటిగ కూడుకొనుచు పోయినచో దారిలో వింతలు కలవు. గడుల సంఖ్య ప్రధానము కానిచో మొత్తమును ప్రధానము కాజాలదు; 64 గడుల మొత్తము విరుగుట అందువలననే. గడుల సంఖ్య ప్రధానమైనంత మాత్రమున చాలదు: 11 గడుల మొత్తము 2047, అది 23, 89ల లబ్ధము. 31 గడుల మొత్తము 2147483647 ప్రధానమని ఆయిలర్ 1772లో స్థాపించెను. ఫ్రెంచి సన్న్యాసి మెర్సెన్ 1644లో ఇట్టి సంఖ్యల పట్టిక వ్రాయుచు 67ను చేర్చి పొరబడెను, 61ని విడిచెను. ఆ లోపమును 1883లో బయటపెట్టినవాడు రష్యాదేశపు పల్లెలో చర్చి పూజారి పెర్వూషిన్. 2305843009213693951 ప్రధాన సంఖ్య. మల్లన చదరంగమున ఇది తుదినుండి నాలుగవ గడివద్ద వచ్చు మొత్తము.