కర్షకబంధువు రైఫైజెన్

రైతునకు అప్పు తప్పదు. కాని చేసిన యప్పే యాతని భూమిని మ్రింగివేయుట లోకమున తఱచుగా చూచుచున్నదే. ఈ యాపదకు గ్రామస్థుల పరస్పర విశ్వాసమే మందని నిరూపించిన మహనీయుడు జర్మనీ దేశీయుడగు ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ రైఫైజెన్.

ఆయన 1818వ సంవత్సరము మార్చి 30వ తేదీన జీగ్ నదీప్రాంతమందలి హామ్ గ్రామమున జన్మించెను. యౌవనమున ఫిరంగిదళమున చేరెను గాని, నేత్రవ్యాధి కారణమున 1843లో ఆ కొలువు విడిచెను. 1845లో వైయర్‌బుష్ ప్రాంతమునకు మేయరయ్యెను.

1846-47లో పంటలు చెడి కఱవు సంభవించెను. ప్రభుత్వము పిండి పంపినది. కాని రొక్కమిచ్చిన వారికే యీయవలెనని కట్టడి చేసినది. చేత రొక్కమున్నవానికి ఆకలి యేల? రైఫైజెన్ సంపన్నులచే నిధి కూర్పించి, ఉమ్మడి రొట్టెలపొయ్యి కట్టించి, పేదలకు రొట్టెలను అరువుపై ఇప్పించెను.

1849లో ఫ్లామ్మర్స్‌ఫెల్డునందు ఆయన ప్రోత్సాహమున 60 మంది ధనికులు ఉమ్మడి పూచీపై ధనము తెచ్చి, రైతులకు పశువులను కొనియిచ్చి, వాయిదాలపై సొమ్ము రాబట్టిరి. 1854లో హెడ్డెస్‌డోర్ఫున నిట్టిదే ధర్మసంఘము వెలసెను. కాని కాలక్రమమున దాతల యుత్సాహము సన్నగిల్లెను. దాత యలసిననాడు దానమును ఆగునని గ్రహించి, రైఫైజెన్ 1864లో దానిని పరపతి సంఘముగా మార్చెను. ఇందు అప్పు గొనువారే సభ్యులైరి. సంఘపు బాకీకి అందఱును తమ సర్వస్వముతో బాధ్యులైరి.

నాటి సంఘపు పరిధి చిన్నది గనుక అప్పు కోరువాని నడతయు, అవసరమును ఇరుగుపొరుగు వారెఱుగుచుండిరి. లెక్కలు వ్రాయువానికి తప్ప నిర్వాహకులకు జీతము లేకుండెను. లాభము పంచుకొనక నిధిగా నిలుపుచుండిరి. ఆస్తి చాలని పేదకు పొరుగువాని పూచీయే అండగా నుండెను.

చూపు క్షీణింపగా 1865లో ఉద్యోగము విడిచి, కుమార్తె అమాలియా తోడ్పాటుతో 1866లో తన పద్ధతిని గ్రంథరూపమున ప్రకటించెను. 1888 మార్చి 11వ తేదీన దివంగతుడయ్యెను.

ఆయన కీర్తి మన దేశమునకును వచ్చినది. ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897లలో మద్రాసు ప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలలో ఈ పద్ధతినే శ్లాఘించెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వెలువడగా, నాడు మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకును ఆ మార్గము తెఱవబడెను.

సోదరులారా! ప్రభుత్వము పిండి నిచ్చెను, ధనికుడు పూచీ నిచ్చెను. కాని సంఘమును నిలిపినది రైతుల బాధ్యతయే. ఇచ్చు చేయి గొప్పది. పుచ్చుకొనువానిని భాగస్వామిగా జేయు చేయి అంతకంటెను గొప్పది. దాతలగు పెద్దలు ఈ సత్యమును మనమున నుంచుకొందురు గాక!