చూపుకూ పేరుకూ మధ్య: జేమ్స్ మెక్కీన్ కాటెల్

పువ్వును చూడగానే పువ్వు అంటాము. చూడడమూ, పేరు చెప్పడమూ ఒకే క్షణంలో జరిగినట్లు తోస్తుంది. కాని కంటబడిన రూపాన్ని మెదడు పోల్చుకొని, దాని పేరు వెదకి, నాలుకకు అందించడానికి కొంత కాలం పడుతుంది. ఆ స్వల్పకాలాన్ని కొలవబూనిన తొలివారిలో ముఖ్యుడు అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ మెక్కీన్ కాటెల్.

ఆయన 1860లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఈస్టన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి అధ్యక్షుడుగా ఉన్న లఫాయెట్ కళాశాలలో 1880లో పట్టభద్రుడై, ఉన్నతవిద్యకై జర్మనీ వెళ్లాడు. మనస్సు అంతవరకు ప్రధానంగా తత్త్వవేత్తల చర్చనీయాంశం. అయితే 1850లో హెల్మ్‌హోల్ట్జ్ నాడులలో ప్రేరణ ప్రసరించే వేగాన్ని కొలిచాడు. 1868లో డచ్చి వైద్యుడు డాండర్స్ మానసిక నిర్ణయానికి పట్టే కాలాన్ని లెక్కగట్టాడు. 1879లో విల్హెల్మ్ వుంట్ లైప్జిగ్‌లో మనస్తత్వ ప్రయోగశాలను నెలకొల్పాడు. కాటెల్ ఆ వుంట్ వద్ద శిష్యరికం చేశాడు.

ఆయన పద్ధతి సరళమైనది. తిరిగే స్థూపంపై అక్షరాలను అంటించి, ముందున్న తెరలోని సన్నని చీలిక గుండా చూసి చదవమనేవాడు. విడివిడిగా ఒక్కొక్క వస్తువును చూపినప్పుడు సెకనులో వెయ్యవ వంతును సైతం చూపగల యంత్రంతో కాలాన్ని కొలిచేవాడు. ఆ ఫలితాలు 1886లో వెలువడ్డాయి. రంగుకు గాని బొమ్మకు గాని పేరు చెప్పడానికి అర సెకనుకు పైగా పట్టింది. అక్షరాన్ని, మాటను చదవడానికి అందులో సుమారు సగమే చాలింది. రంగును గుర్తుపట్టడంలో జాప్యమేమీ లేదు. జాప్యమంతా పేరును వెదకడంలోనే ఉన్నది. మాటను చూచి చదవడం ఎడతెగని అభ్యాసం వల్ల అప్రయత్నంగా సాగుతుందనీ, రంగుకు పేరు పెట్టాలంటే మనస్సు ప్రయత్నించి ఎన్నుకోవలసి ఉంటుందనీ ఆయన వివరించాడు. పరిచయం తక్కువైన పరభాషను చదవడానికి ఎక్కువ కాలం పడుతుందని కూడ నిరూపించాడు.

1886లోనే డాక్టరు పట్టం పొంది స్వదేశం చేరిన కాటెల్, 1891లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనాడు. 'సైన్స్' పత్రికను కొని, దాదాపు అర్ధశతాబ్దం సంపాదకత్వం వహించాడు. ఆయన జీవితంలో ఓటములూ లేకపోలేదు. ఇంద్రియ పటుత్వాన్నీ, చురుకుదనాన్నీ కొలిచి విద్యార్థుల బుద్ధిని అంచనా కట్టవచ్చునని నమ్మాడు. ఆ కొలతలకూ కళాశాల మార్కులకూ చెప్పుకోదగిన సంబంధం లేదని 1901లో ఆయన శిష్యుడు విస్లరే తేల్చాడు. గాల్టన్ ప్రభావంతో వంశోన్నతి వాదాన్ని సమర్థించడం ఆయన చరిత్రలో మచ్చ. అయినా ధైర్యానికి కొదవ లేదు. నిర్బంధంగా సైన్యంలో చేర్చిన యువకులను, వారి ఇష్టం లేకుండా, ఐరోపా యుద్ధానికి పంపరాదని 1917లో శాసనసభ్యులకు వ్రాసి, ఉద్యోగం పోగొట్టుకొన్నాడు. 1944లో మరణించేదాకా శాస్త్రసేవ మానలేదు.

కాటెల్ వేసిన బాటలోనే 1935లో స్ట్రూప్ నడిచాడు. ఎరుపు అనే మాటను నీలి సిరాతో అచ్చువేసి సిరా రంగు చెప్పమంటే ఎవరైనా తడబడతారని చూపాడు. చదవడం అంతటి అలవాటు! నేడు మెదడు తరంగాలను పరిశీలించి, బొమ్మలోని వస్తువును పోల్చుకోవడానికి సెకనులో అయిదవ వంతు లోపే చాలుననీ, పిదప పేరూ దాని ధ్వనులూ సిద్ధమై, సుమారు పదింట ఆరు వంతుల సెకనుకు నోట మాట వెలువడుతుందనీ శాస్త్రజ్ఞులు అంచనా వేశారు.

ఉపాధ్యాయులు గ్రహించదగిన సత్యం ఇందులో ఉన్నది. ఓనమాలు దిద్దే బాలునికి అక్షరం ఇంకా ఒక బొమ్మే. దాని పేరు వెదకుటకు వానికి వ్యవధి కావాలి. ఆ తడవును మందబుద్ధి అని ఎంచి గద్దించరాదు. బుద్ధిని చురుకుదనంతో తూచబోయి కాటెల్ అంతటివాడే పొరబడ్డాడు. అభ్యాసం తడబాటును తీర్చగలదని తెలిపినవాడూ ఆయనే.