బడి మానేసి బడి కట్టిన జి.డి. నాయుడు

స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా ఒక మహనీయుడి జీవితం గురించి రాయమని సంఘం మిత్రులు అడిగారు. బడి సంచిక కాబట్టి బాగా చదువుకుని పైకొచ్చినవాళ్ల పేర్లే ముందు గుర్తుకొస్తాయి. నేను మాత్రం బడి చదువు పూర్తి చేయని ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడుగా తెలుసు. తమిళనాట ఆయన్ని భారతదేశపు ఎడిసన్ అంటారు. ఇంట్లో మాట్లాడే భాష తెలుగే అయినా మన వైపు ఆయన్ని తలుచుకునేవాళ్లు తక్కువ.

ఆయన్నే ఎంచుకోవడానికి నాకు ఒక కారణం ఉంది. ఉద్యోగమంతా లెక్కల పుస్తకాల ముందు గడిపిన నేను, రిటైరయ్యాక సరదాగా లేత్ మిషన్ పని నేర్చుకుంటున్నాను. కాగజ్‌నగర్‌లో పుట్టి పెరిగినవాడికి లేత్ కొత్త వస్తువు కాదు. మిల్లు వర్క్‌షాపులో టర్నర్లు, ఫిట్టర్లు మన వాడకట్టులోనే ఉండేవాళ్లు. కానీ చూడటం వేరు, హ్యాండిల్ పట్టుకుని తిప్పడం వేరు. తిప్పడం మొదలుపెట్టాకే నాయుడు గారి జీవితంలో నాకు అంతవరకూ అర్థం కాని సంగతులు కొన్ని అర్థమయ్యాయి.

ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి వలస వెళ్లి, నల్లరేగడి భూముల్లో పత్తి పండించుకుంటూ స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాల్లో వాళ్లదొకటి. పుట్టిన కొన్నాళ్లకే తల్లి పోయింది. పిల్లవాడికి బడి సరిపడలేదు. పంతుళ్ల మీద ఇసుక చల్లి పారిపోయేవాడని చెప్పుకుంటారు. ప్రాథమిక తరగతులతోనే చదువు ఆగింది. ఆ తర్వాత పొలం పనే బడి అయింది.

ఒకరోజు ఆ పల్లెకు ఒక ఇంగ్లీషు రెవెన్యూ అధికారి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. అది రడ్జ్ కంపెనీ బండి. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా తనంతట తాను పరుగెత్తే బండిని ఆ కుర్రవాడు అదే మొదటిసారి చూడటం. చూసి ఆశ్చర్యపోయినవాళ్లు ఊళ్లో చాలామందే ఉండి ఉంటారు. ఈయన మాత్రం ఎలాగైనా అలాంటి బండి కొని, లోపల ఏముందో చూడాలనుకున్నాడు. ఇల్లు వదిలి కోయంబత్తూరు చేరి ఒక హోటల్లో సర్వర్‌గా కుదిరాడు. టీ గ్లాసులు అందిస్తూ, ప్లేట్లు ఎత్తుతూ కొన్నేళ్లపాటు పైసా పైసా కూడబెట్టాడు. చివరికి బండి కొన్నాడు.

కొన్నాక చేసిన మొదటి పని దాన్ని విప్పేయడం. విప్పిన ప్రతి ముక్కనూ చూసి, తిరిగి బిగించాడు. మళ్లీ విప్పాడు, మళ్లీ బిగించాడు. నేర్పే గురువు లేడు, చదివి తెలుసుకునేంత ఇంగ్లీషు లేదు. ఆ బండే ఆయనకు పాఠ్యపుస్తకం. అలా మెకానిక్ అయ్యాడు.

విని ఊరుకుంటే ఇది చిన్న కథలాగే ఉంటుంది. లేత్ ముందు నిలబడితేనే దాని బరువు తెలుస్తుంది. నాకు పని నేర్పుతున్న మేస్త్రీ నాకంటే చాలా చిన్నవాడు. నన్ను సార్ అని పిలుస్తూనే, మొదటి వారం ఒక్క కోత కూడా కోయనివ్వలేదు. మిషన్ తుడవడం, పట్టాలకు నూనె పెట్టడం, చక్‌లో కడ్డీ బిగించి అది వణక్కుండా తిరుగుతోందా లేదా చూడటం, ఇంతే. చేతి గడియారం తీసేయాలి, పొడుగు చేతుల చొక్కా మడవాలి, చక్ తాళం పని కాగానే తీసి పక్కన పెట్టాలి. తాళం అందులోనే ఉండగా స్విచ్ వేస్తే అది తూటాలా ఎగిరొస్తుంది.

తర్వాత టూల్ పాఠం. టూల్ మొన సరిగ్గా కడ్డీ నడిమధ్య ఎత్తులో ఉండాలి. పైకి ఉంటే కోయకుండా రాసుకుంటుంది. కిందికి ఉంటే కడ్డీ ముఖం చదును చేసినప్పుడు మధ్యలో చిన్న బొడిపె మిగిలిపోతుంది. ఆ బొడిపెను చూసి ఎత్తు సరిచేసుకోవాలి. ఆ తర్వాత డయల్ పాఠం. టూల్‌ను అర మిల్లీమీటరు లోపలికి జరిపితే కడ్డీ మందం ఒక మిల్లీమీటరు తగ్గుతుంది, ఎందుకంటే చుట్టూ తిరుగుతున్న కడ్డీ రెండు పక్కలా అరుగుతుంది. హ్యాండిల్ వెనక్కి తిప్పితే స్క్రూలో ఉన్న ప్లే వల్ల డయల్ కదులుతుంది కానీ టూల్ కదలదు. అందుకే కావలసిన గీతకంటే బాగా వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకు వచ్చి గీత మీద ఆగాలి. ఇవన్నీ పుస్తకంలో ఒక పేజీలో రాయవచ్చు. చేతికి రావడానికి మాత్రం నెలలు పడతాయి. కోత సరిగ్గా పడుతున్నప్పుడు వచ్చే చప్పుడు ఒకటి, టూల్ మొద్దుబారితే వచ్చే చప్పుడు ఇంకొకటి. ఆ తేడాను చెవే పట్టుకోవాలి.

మార్గదర్శి ఒకరు పక్కనే ఉండి చెబితేనే ఇంత కాలం పడుతుంటే, ఎవరూ లేకుండా ఇంజిన్ విప్పి బిగించిన ఆ పల్లెటూరి యువకుడి ఓపిక ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

తర్వాత ఆయన జీవితం నేరుగా సాగలేదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో పత్తి వ్యాపారంలో దిగి తిరుప్పూరులో బాగా సంపాదించారు. అక్కడితో ఆగక బొంబాయి వెళ్లి పెద్ద పత్తి వ్యాపారుల మధ్య పందెం కాసి, ఉన్నదంతా పోగొట్టుకున్నారు. తిరిగొచ్చాక కోయంబత్తూరులో పేరున్న వ్యాపారి సర్ రాబర్ట్ స్టేన్స్ ఆయన్ని చేరదీశారు. ఆ సహాయంతో 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య నడపడం మొదలుపెట్టారు. డ్రైవరు కూడా ఆయనే. ఆ ఒక్క బస్సు నుంచే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే సంస్థ పెరిగింది. యూఎంఎస్ అనే మూడక్షరాలు కోయంబత్తూరు ప్రాంతంలో వేళ తప్పని బస్సుకు మారుపేరయ్యాయి.

బస్సులు నడిపేవాడికి రోజూ ఏదో ఒకటి విరుగుతూనే ఉంటుంది. విడిభాగాలు సముద్రం దాటి రావలసిన కాలం అది. నాయుడు గారు ఎదురుచూస్తూ కూర్చునే మనిషి కాదు. బస్సులకు కావలసిన పరికరాల దగ్గర మొదలుపెట్టి, ఒకదాని తర్వాత ఒకటి సొంతంగా రూపొందించుకుంటూ పోయారు. డ్రై సెల్‌తో నడిచే రాసంట్ అనే గడ్డం గీసుకునే మిషన్, చాలా పలుచని బ్లేడు, పండ్ల రసం తీసే పరికరం, కిరోసిన్‌తో నడిచే ఫ్యాను, ఓట్లు నమోదు చేసే యంత్రం, ఇలా ఆ జాబితా చాలా పొడుగు. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని ప్రకటించారు. ఫోటోలు, సినిమాలు తీయడం ఆయనకు ఇంకో పిచ్చి. 1936లో లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా సినిమా తీశారు.

వీటన్నిటిలో మన పల్లెలకు నేరుగా చేరింది మాత్రం ఎలక్ట్రిక్ మోటారు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి ఆయన స్వదేశీ విద్యుత్ మోటారు తయారు చేశారు. దేశంలో తయారైన మొదటి మోటారు అదేనంటారు. ఆ తర్వాత కోయంబత్తూరు మోటార్లకు, పంపుసెట్లకు కేంద్రమైంది. ఆదిలాబాద్, కరీంనగర్ పల్లెల్లో పాత వ్యవసాయ బావుల మీద మోటారు ప్లేటు తుడిచి చూడండి, చాలావాటి మీద కోయంబత్తూరు పేరే కనిపిస్తుంది.

మోటారు చేయడమంటే తీగ చుట్టడమే అనుకుంటాం. అందులో సగం పని లేత్ మీదే ఉంది. మధ్యలో తిరిగే రోటర్‌కూ, దాని చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్‌కూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొంత భాగమే. షాఫ్టు కొంచెం వంకరగా ఉన్నా, రోటర్ నడిమధ్య తప్పినా ఒక పక్క రాసుకుని మోటారు కాలిపోతుంది. బేరింగు కూర్చునే చోటు జుట్టు మందం తేడా వచ్చినా బిగుసుకుంటుంది, లేదా వదులై ఊగుతుంది. కాబట్టి మోటారు తయారు చేయాలంటే ముందు మంచి టర్నర్లు తయారు కావాలి. ఈ సంగతి నాయుడు గారికి అందరికంటే బాగా తెలుసు. అందుకే యంత్రాలు కనిపెట్టిన మనిషి, తర్వాత మనుషులకు పని నేర్పించడం మీదికి మళ్లారు.

1945లో కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజినీరింగ్ కళాశాల పుట్టడానికి ఆయన ముఖ్య కారకులు. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. బడి చదువు సగంలో వదిలేసిన నాయుడు గారే కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్. నాలుగేళ్ల ఇంజినీరింగ్ చదువు కాలం వృథా అని, సరిగ్గా నేర్పితే రెండేళ్లు చాలని ఆయన వాదించారు. పిల్లలు ముందు యంత్రం మీద చెయ్యి పెట్టాలి, ఆ తర్వాతే పుస్తకం అర్థమవుతుందన్నది ఆయన పట్టు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన ఆ పదవి వదిలేశారు. ఆ కళాశాలే తర్వాత ప్రభుత్వ సాంకేతిక కళాశాల అయి నేటికీ నడుస్తోంది. మొదట అది ఉన్న చోటును కోయంబత్తూరువాళ్లు ఇప్పటికీ హోప్ కాలేజీ అనే పిలుస్తారు.

ఆ వాదనలో ఆయనదే పూర్తిగా న్యాయం అని నేను అనను. మన ఉపాధ్యాయులు ఎందరో ఈ వ్యాసం చదువుతారు. లెక్కలు, భౌతిక శాస్త్రం నిదానంగా నేర్చుకోవలసినవేనని వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఆయన సొంతంగా నేర్చుకున్న దారి అందరికీ సరిపోదు. హోటల్లో కొన్నేళ్లు పనిచేసి బండి కొని విప్పి చూసే పట్టుదల వెయ్యిమందిలో ఒకరికి ఉంటుంది. మిగతా 999 మందికి బడి కావాలి. అయితే ఆ బడిలో పుస్తకంతోపాటు పనిముట్టు కూడా ఉండాలన్న మాటలో ఆయన్ని కాదనడం కష్టం. బడి తనకు పట్టకపోయినా, ఇతరులకు బడి అక్కర్లేదని ఆయన అనుకోలేదు. ఎలాంటి బడి ఉంటే తనలాంటివాడు పారిపోకుండా ఉండేవాడో ఆలోచించి, అలాంటిది కట్టబోయారు.

1952లో రెండు సీట్ల చిన్న పెట్రోలు కారు తయారు చేసి, 2000 రూపాయలకే ఇవ్వవచ్చన్నారు. తయారీకి లైసెన్సు దొరక్క అది బజారుకు రాలేదు. చివరి వరకూ ఏదో ఒక ప్రయోగంతోనే గడిపి, 1974 జనవరి 4న కన్నుమూశారు. ఆయన సేకరించిన యంత్రాలను, ఆ మొదటి రడ్జ్ బండితో సహా, కోయంబత్తూరు అవినాశి రోడ్డులోని ప్రదర్శనశాలలో చూడవచ్చు. ఆయన కుటుంబ సంస్థే తర్వాత జర్మనీకి చెందిన వైలర్ కంపెనీ సహకారంతో లేత్‌లు తయారు చేసింది.

ఇక మన ఊరి సంగతి. కొత్తపేట కాగజ్‌నగర్ అయింది కాగితం మిల్లు వల్లే. 1938లో నిజాం కాలంలో మొదలైన సిర్పూర్ పేపర్ మిల్లులో 1942 నుంచి కాగితం తయారైంది. కాగితం తీసే మిషన్లలోని పెద్ద రోల్స్, షాఫ్టులు, బుష్‌లు అరిగినప్పుడు వాటిని బాగుచేసే పని ఎందరో మనవాళ్లకు చేతివిద్య అయింది. 2014లో మిల్లు ఆగిపోయింది. 2018లో తిరిగి మొదలయ్యేలోగా టర్నర్లు, ఫిట్టర్లు చాలామంది పని వెతుక్కుంటూ దూర ప్రాంతాలకు వెళ్లారు. ఇంకొందరు వయసు మీదపడి ఇళ్లలో ఉన్నారు. వాళ్ల చేతుల్లో ఉన్న విద్య ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్లతోనే పోతే మళ్లీ రాదు.

అందుకే ఈ స్వర్ణోత్సవం సందర్భంగా సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. మన బడిలో ఒక గది పనిముట్ల కోసం కేటాయించమని యాజమాన్యాన్ని అడుగుదాం. ఒక చిన్న బెంచ్ లేత్, ఒక డ్రిల్లింగ్ మిషన్, నాలుగు వైస్‌లు, కొలతలకు వెర్నియర్ కాలిపర్లు ఉంటే మొదలుపెట్టడానికి చాలు. వారానికి ఒక పూట, 9వ తరగతి పిల్లలకు మన ఊరి రిటైర్డ్ టర్నర్లతో నేర్పిద్దాం. వాళ్లకు గౌరవ వేతనం సంఘమే ఇవ్వాలి. మెత్తటి అల్యూమినియం కడ్డీతో మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి ప్రతి పిల్లవాడూ, ప్రతి పిల్లా తన చేత్తో చేసిన ఒక చిన్న సుత్తి ఇంటికి తీసుకెళ్లాలి. భద్రత కోసం కళ్లద్దాలు, పక్కన ఒక ఉపాధ్యాయుడు తప్పనిసరి. ఖర్చు లెక్కలు నేను వేసి ఇస్తాను. లేత్ కొనడానికి మొదటి చందా నాదే.