సర్పములను లెక్కించిన రస్సెల్ దొర

స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమున జన్మించిన పాట్రిక్ రస్సెల్ వైద్యవిద్య నభ్యసించి, అలెప్పో పట్టణమున పెక్కేండ్లు వైద్యుడుగా నుండి ప్లేగువ్యాధిని పరిశీలించెను. 1781లో సోదరుడు క్లాడ్ రస్సెల్ కుంపిణీ కొలువున విశాఖపట్టణమునకు రాగా, అతనితో కూడ తానును వచ్చెను. 1785లో కుంపిణీవారాయనను ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించిరి.

పాముకాటునకు జనులు బలియగుచుండిరి; ఏది విషసర్పమో ఏది కాదో తెలియకుండెను. రంగును నమ్మరాదు, ఒకే జాతియందు పలురంగులుండును. కావున రస్సెల్ దొర పొట్టపై అడ్డపలకలను, తోకక్రింది పొలుసులను ఒక్కొక్కటిగా లెక్కించెను. తల యాకారమును, నోటిలోని కోరలను పరీక్షించెను. కోళ్లపైనను కుక్కలపైనను విషముయొక్క బలమును శోధించెను. ప్రతి సర్పమునకును రంగుల చిత్రము సిద్ధపరచి, తెలుగువారు పిలుచు పేళ్లను గూడ వ్రాసికొనెను.

1789లో ఆయన స్వదేశమునకు మరలెను. 1796లో లండనునందు వెలువడిన ఆయన సర్పగ్రంథమున కాటుకరేకులపొడ యను మన మాట యున్నది. మనము రక్తపింజరి యనునది అదియే. 1797లో దానికి శాస్త్రజ్ఞులు రస్సెల్ పేరు పెట్టిరి. కట్లపాము జాతికి గల బంగారస్ అను శాస్త్రనామము మన బంగారు శబ్దమునుండి పుట్టినదే. ఆయన 1805లో లండనునందు పరమపదించెను.

లెక్క వ్రాయువానికి గుర్తులే ఆధారము, ప్రాణములకును అంతే. కనబడిన పామునెల్ల చంపుటకు ముందు దానిని గుర్తెరుగుట మేలు. కాటుపడినవానిని మాత్రము, ఏ పామైనను, మంత్రములకై నిలుపక వెంటనే ఆస్పత్రికి చేర్పవలెను.