భాయీ సాహెబు సింగు

హైదరాబాదులో ఉస్మాన్‌గంజ్ బజారు దాటి గౌలిగూడ వైపు పోవువారికి అచ్చటి గురుద్వారము సుపరిచితము. సిక్కులు తమ ప్రార్థనలో పంచప్యారేలను, అనగా గురువునకు ప్రియులైన యైదుగురిని, నిత్యము స్మరింతురు. వారిలో నొకడు బీదరువాడు.

1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున నుండిన బీదరులో, 17వ శతాబ్దమున, క్షౌరవృత్తి చేయు కుటుంబమున సాహెబు చందు జన్మించెనని సిక్కుల సంప్రదాయము. అతడు పంజాబునకు పోయి, ఆనందపూరులో గురు గోవిందరాయల సన్నిధి చేరెను.

1699 వైశాఖీ పండుగనాడు అచ్చట మహాసభ జరిగెను. గురువు కత్తి దూసి, తనకొక శిరస్సు కావలెనని కోరెను. సభ నిశ్చేష్టమయ్యెను. తుదకు లాహోరు ఖత్రీ దయారాము లేచెను. గురువు అతనిని గుడారములోనికి గొనిపోయి, నెత్తురోడు కత్తితో ఒంటరిగా వెలుపలికి వచ్చి, మరియొక తల నడిగెను. హస్తినాపురపు జాటు ధరమదాసు, జగన్నాథమున నీళ్లు మోయు హిమ్మతు, ద్వారకలో అద్దకపు పనిచేయు మొహకము వరుసగా లేచిరి. మొదట లేచుటకు తెగువ చాలును. నలుగురు పోయి తిరిగిరాకుండుట కన్నులార చూచి లేచుటకు మరేదో కావలెను. అట్లు ఐదవవాడుగా లేచినవాడు సాహెబు చందు.

కొంతసేపటికి ఐదుగురును కొత్త వస్త్రములు ధరించి సజీవులై వెలుపలికి వచ్చిరి. ఇనుపపాత్రలోని నీటిలో పతాసలు పడగా, గురువు రెండంచుల ఖడ్గముతో కలిపి, ఆ యమృతమును అందరిచేతను ఒకే పాత్రనుండి త్రాగించెను. కులములు పోయెను, అందరి పేర్ల చివరను సింగు అను మాట చేరెను. వెంట్రుకలు కత్తిరింపరాదను నియమమును వారు స్వీకరించిరి. ఇతరులకిది వ్రతము, మంగలికత్తితో బ్రదికిన యింట పుట్టినవానికి తాతముత్తాతల జీవనాధారమునే విడుచుట.

పిమ్మట జరిగినది మరింత విశేషము. గురువు ఆ యైదుగురి యెదుట చేతులు జోడించి, తనకును అమృతమిచ్చి చేర్చుకొనుడని వేడెను. సిక్కు అను మాటకు శిష్యుడని యర్థము. గోవిందరాయలు ఆనాడు గోవింద సింగు అయ్యెను. ఆ దీక్ష నిచ్చిన చేతులలో బీదరు క్షురకునివి కూడ నుండెను.

1704 డిసెంబరులో చమ్‌కౌరు మట్టికోటలో కొలదిమంది సిక్కులు మొగలు సేనల నెదిరించిరి. గురువు పెద్దకుమారు లిరువురును, సాహెబు సింగును అచ్చటనే ప్రాణములు విడిచిరి. కోటలోని ఐదుగురు శిష్యులు కూడి గురువును వెడలిపొమ్మని ఆజ్ఞాపింపగా, అతడు తలయొగ్గెను.

నాలుగేండ్లకు గురువు, ఆ శిష్యుడు పుట్టిన దక్కనునకే వచ్చి, 1708లో గోదావరి యొడ్డున నాందేడులో దేహము చాలించెను.